నోట వేసుకుని ఇచ్చిన మన్ను

మా ముత్తాత ఈ ఊరికి మునసబు. కాలవకీ సముద్రానికీ మధ్య ఉన్న జాలరి పాలేల్లో తగాదా వస్తే, కచేరీకి పోకముందు మా అరుగు దగ్గరికి వచ్చేది. మా తాత తాలూకా బోర్డులో మెంబరు. నెల్లూరు నుంచి పెద్ద అధికారి ఎవరు వచ్చినా మా ఇంట్లోనే దిగేవాడు. మా నాన్న ఒకసారి సర్పంచిగా గెలిచి, రెండోసారి ఓడి, మూడోసారి నామినేషన్ వెయ్యలేదు. ఓడిన మర్నాడు కూడా ఇస్త్రీ పంచె కట్టుకుని, బజారు మధ్యలో నుంచి నడిచి, పాలకేంద్రం దాకా వెళ్లి వచ్చాడు. నిటారుగా నడవడం నేను ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

మా ఇంటి ఆడవాళ్లకి ఇలాంటి పదవులు లేవు. వాళ్లు వీధి గుమ్మం దాటేవాళ్లు కారు. వాళ్ల చేతిలో ఉన్న అధికారం ఒక్కటే, తెల్లమన్ను ఇవ్వడం.

కాలవ గట్టుకు ఇవతల మాకొక దిబ్బ ఉంది. పైన ఇసుక, దాని కింద ఎర్రమట్టి, ఇంకా తవ్వితే తెలుపూ బూడిదా కలిసిన రంగులో, వెన్నలా మెత్తని బంకమన్ను. ఆ మన్ను తెచ్చి పెరట్లో ఉన్న రెండు రాతి తొట్లలో కడిగేవాళ్లు. మొదటి తొట్టిలో నానబెట్టి, కలియబెట్టి, ఇసుకా గరుకూ అడుగుకు దిగాక పైన తేలిన పాల లాంటి నీళ్లను రెండో తొట్టిలోకి వంచేవాళ్లు. అక్కడ అది నెమ్మదిగా పేరుకునేది. ఆ పేరుకున్న దాన్ని మళ్లీ కడిగేవాళ్లు. చివరికి మిగిలిన మెత్తని మన్నును బిళ్లలు చేసి, ఒక్కొక్క దాని మీద బొటనవేలు అద్ది, నీడలో ఆరబెట్టేవాళ్లు. మా ఇంట్లో మగవాళ్లెవరూ ఏ కాగితం మీదా వేలిముద్ర వేసి ఎరగరు, అందరివీ సంతకాలే. ఆడవాళ్ల వేలిముద్ర మాత్రం మన్ను మీద పడేది.

కడుపులో మంట, విరేచనాలు, ఒంట్లో వేడి, ముఖాన మచ్చలు, ఏది వచ్చినా జనం మా దొడ్డిగుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవాళ్లు. ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. బిళ్ల అంచు విరిచి, ముందు తన నోట్లో వేసుకుని, వచ్చినవాళ్లు చూస్తుండగా మింగి, తర్వాత మిగిలింది వాళ్ల చేతిలో పెట్టాలి. ఇందులో ఏమీ కలపలేదు అని చెప్పడానికి అదే ప్రమాణం. డబ్బు పుచ్చుకునేవాళ్లు కాదు. మన్ను అమ్ముకునే గతి మనకింకా పట్టలేదనేది మా నాయనమ్మ. ఆవిడ తర్వాత మా అమ్మ ఇచ్చింది. అమ్మ తర్వాత నేను ఇచ్చాను. పెళ్లి చేసుకోలేదు గనక ఆ గుమ్మం దగ్గర నిలబడే పని నాకే మిగిలిపోయింది. అరవై దాటినా ఊళ్లో వాళ్లకి నేను ఇంకా చిన్నమ్మనే.

నా చేతికి వచ్చేసరికి అడిగేవాళ్లు తగ్గిపోయారు. వీధి చివర మందుల షాపు వచ్చింది. పొలాలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోయాయి, వాటిలో మేం అమ్ముకున్నవీ ఉన్నాయి. తొట్లలో వాననీళ్లు నిలిచి తోకకప్పలు పెరిగేవి. ఏడాదికి ఒకసారి వాటిని కడిగించి కొన్ని బిళ్లలు చేసి పెట్టేదాన్ని. ఎవరో ఒకరు వస్తే ముక్క విరిచి ఇచ్చేదాన్ని. వాళ్లు వెళ్లేదాకా నా వీపు మా నాన్న వీపులాగే ఉండేది.

అప్పుడు మా తమ్ముడి కూతురు వచ్చింది. తమ్ముడు పోయాక ఆ పిల్ల మద్రాసులోనే ఉద్యోగం చేసుకుంటోంది. ఎండాకాలం సెలవుల్లో వచ్చి, తొట్ల పక్కన కూర్చుని, ఫోనులో ఏవేవో చూపించింది. ఎక్కడెక్కడి వాళ్లో గాజు గ్లాసుల్లో బూడిదరంగు నీళ్లు తాగుతున్నారు. డీటాక్స్ అట. ఒంట్లో చేరిన విషాలన్నిటినీ మన్ను లాగేసి బయటికి తెచ్చేస్తుందట. పొడులు, గొట్టం మాత్రలు, రంగురంగుల డబ్బాలు.

"వీళ్లు అమ్మేది యాడి మన్నో వీళ్లకే తెలీదత్తా. మనకి దిబ్బ ఉండాది, తొట్లు ఉండాయి, నువ్వుండావు" అంది.

మన్ను అమ్మే ఇల్లు కాదిది అన్నాను.

"నువ్వు మన్ను అమ్మొద్దులే. నీ వేలిముద్ర ఒకటి ఇయ్యి, చాలు."

ఇచ్చాను. అది పాకెట్టు మీద గోధుమరంగులో అచ్చయి వచ్చింది. కింద 'స్వచ్ఛమైనది, ఏమీ కలపనిది, తరతరాల చేతి మన్ను' అని రాసి ఉంది. ఆ మాటలు నేను చెప్పినవే. వాటిని చూసుకుని మురిసిపోయాను. ఊరు మరిచిపోయిన మా ఇంటి గౌరవం మద్రాసు చుట్టూ తిరిగి, కొత్త పేరు పెట్టుకుని మళ్లీ గుమ్మం ఎక్కిందనిపించింది.

అమ్మకానికి పెట్టకముందే లేబుకి పంపాలని ఆ పిల్ల మొదట్లోనే చెప్పింది. సీసం లాంటివి ఉన్నాయేమో చూస్తారంది. నేను ఒప్పుకోలేదు. నాయనమ్మ చేతి మన్నుకి ఎవడో సర్టిఫికెట్ ఇచ్చేదేమిటన్నాను. చూడదలుచుకుంటే చెరువుల్లో చల్లే మందుల్లో చూసుకోమన్నాను. సరేలే అత్తా, ముందు తెలిసినవాళ్లకి ఇచ్చి చూద్దాం అని ఊరుకుంది. పరీక్ష వద్దన్నది నేను. తర్వాత జరిగినదాన్ని ఎటు నుంచి తలుచుకున్నా ఆ మాట దగ్గరికే వచ్చి ఆగుతాను.

మాకు చేపలు పోసేది పాలెం నుంచి వచ్చే ఒక ఆమె. వాళ్లత్త మా అమ్మకి పోసేది. అప్పట్లో ఖరీదైన వంజరం, ఇప్పుడు ఎక్కువగా చౌకగా వచ్చే నెత్తళ్లు. ఆ విషయం ఆమె ఎన్నడూ ఎత్తదు. బుట్టలో నెత్తళ్లే పైన సర్దుకుని వస్తుంది. ఆ వానాకాలం మొదట్లో ఆమె కోడలికి నెల తప్పింది.

"గోడ నాకతా ఉండాది చిన్నమ్మా" అంది బుట్ట దించుతూ. "సున్నం వాసన బాగుండాదంట. ఈ లెక్కన కానుపయ్యేలోపల మాకు ఇల్లు మిగల్దు."

నవ్వాను. మన్ను అడుగుతోందని అర్థమైంది. మా అమ్మ కాలంలో కడుపుతో ఉన్నవాళ్లు వస్తే చిటికెడు ముక్క ఇచ్చేది, నోటికి రుచి తెలిస్తే చాలని. నేను లోపలికి వెళ్లి పాకెట్టు తెచ్చాను. రోజూ పరగడుపున ఒక చెంచా, గ్లాసెడు నీళ్లలో కలుపుకుని తాగమని చెప్పమన్నాను. ఒంట్లో చెడు ఏదైనా ఉంటే పోతుంది, బిడ్డ శుభ్రంగా పుడుతుందన్నాను. పద్ధతి తప్పకుండా, అంచు చింపి చిటికెడు నా నాలుక మీద వేసుకుని మింగి ఇచ్చాను. ఆమె రెండు చేతులా పట్టుకుంది.

పాకెట్టు అయిపోయినప్పుడల్లా మరొకటి ఇచ్చాను. ఒకసారి ఆ కోడలు పిల్లే వచ్చింది. సన్నగా, పొట్ట అప్పుడప్పుడే తెలుస్తూ, కొంగులో ఎండు నెత్తళ్ల పొట్లం పట్టుకుని దొడ్డిగుమ్మం బయటే నిలబడింది. ఎలా ఉందని అడిగాను.

"తాగతా ఉంటే నోట్లో వాన పడినట్టుంటాదమ్మా" అంది.

ఆ మాట మద్రాసుకి ఫోను చేసి మరీ చెప్పాను. పాకెట్టు మీద వేయించాలనుకున్నాం.

కొన్ని వారాలకి చేపలామె దిగులుగా వచ్చింది. నెల్లూరులో డాక్టరమ్మ కోడల్ని చూసి, ఐరన్ మాత్రలు మింగుతున్నా రక్తం పట్టడం లేదేమని కోప్పడిందట. మన్ను సంగతి డాక్టరమ్మకి చెప్పావా అని నేను అడగలేదు. రక్తం శుద్ధవుతున్నప్పుడు ముందు పలచబడి తర్వాత చిక్కబడుతుందని చెప్పాను. ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. అరుగు మీద నిలబడి అప్పటికప్పుడు అల్లాను. మా ఇంటి అరుగు మీద నుంచి వచ్చిన మాట గనక ఆమె తలాడించి వెళ్లిపోయింది.

పరీక్ష చివరికి జరిగింది నా అహం వల్లనే. నెల్లూరులో ఇలాంటివి అమ్మే షాపతను లేబు రిపోర్టు లేనిదే పాకెట్టు అరలో పెట్టనన్నాడు. మా వేలిముద్ర చూసి కూడా అడిగాడని నాకు ఒళ్లు మండింది. ఒక చోట కాదు రెండు చోట్ల చేయించి అతని బల్ల మీద పడేసి రమ్మని మా తమ్ముడి కూతురితో అన్నాను.

ఫలితం తెలిశాక ఆమె ఫోను చెయ్యలేదు. చెప్పాపెట్టకుండా మద్రాసు నుంచి రైలెక్కి వచ్చి, సంచి కూడా దించకుండా నన్ను కూర్చోమంది. నేను నిలబడే చెప్పమన్నాను.

"సీసం ఉండాదత్తా. ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ. రెండు చోట్లా అదే చెప్పినారు."

"ఎవరు కలిపినారు?" అని అడిగాను. పాకెట్లు కట్టే చోట ఏదో జరిగి ఉంటుందనుకున్నాను.

"ఎవరూ కలపలా. మన్నులోనే ఉండాది. ఆ మన్ను పుట్టినప్పట్నించీ ఉండుంటాది."

అన్నిసార్లు కడిగామే అన్నాను. ఆమె తొట్ల వైపు చూసింది.

"కడిగితే పోయేది ఇసుకే. సీసం పట్టుకునేది మెత్తటి దాన్నంట. మనం కడిగి కడిగి దాన్నే తీసి పెట్టినాం."

అప్పుడు కూర్చున్నాను. స్వచ్ఛమంటే బయటిది ఏదీ కలవకపోవడమని పుట్టినప్పటి నుంచీ అనుకున్నాను. కలిపేవాడు ఎవడూ లేకుండానే ఒక వస్తువు చెడ్డదై ఉండొచ్చని నాకు తోచలేదు. మా నాయనమ్మకీ తోచలేదు. ఆవిడ రెండో తొట్టిలో చెయ్యి ముంచి, వేళ్ల మధ్య రాపిడి చూసి, ఇంకా గరుకుంది, మళ్లీ కడగండి అనేది. ఆవిడ ఎంత శ్రద్ధగా కడిగించిందో అంత విషం చిక్కగా తేరి ఉంటుంది.

మా పిల్ల ఆ మధ్యాహ్నమంతా ఫోన్లు చేసి, పాకెట్లు తీసుకున్న ప్రతివాళ్లకీ తాగొద్దని చెప్పింది. ఒకావిడ, నాకు బాగానే ఉందమ్మా, ఇంకో రెండు పంపు అందట. ఊళ్లో ఎవరికైనా ఇచ్చావా అత్తా అని ఆమె అడిగితే, అది నేను చూసుకుంటాలే అన్నాను.

మర్నాడు పొద్దున చేపలామె వచ్చింది. నెత్తళ్లు కొన్నాను. పాకెట్టు అడిగితే అయిపోయాయన్నాను. ఇవ్వడమే అయిపోయింది గనక ఆ మాటలో అబద్ధం లేదు. అలాంటి మాటను ఏరుకుని వాడాను, అంతే. చెప్పాల్సింది చెప్పబోయాను. కానీ నా వెనక గోడ మీద మా తాత ఫోటో ఉంది, ముందు ఆమె కళ్లున్నాయి. ఆ రెండింటి మధ్య నిలబడి చేపల డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను.

"పర్లేదులే చిన్నమ్మా. పాతదాంట్లో ఇంకొంచెం ఉండాది, అది తాగతా ఉంటాది" అని బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

తలుపు వేసుకుని లోపలికి వచ్చాక ఆ మాట నాకు నిజంగా వినపడింది. నేను నోరు మూసుకుని ఉన్నంతసేపూ ఆ పిల్ల తాగుతూ ఉంటుంది. చెప్పులు వేసుకుని బయల్దేరాను.

కాలవ వంతెన దాటి పాలెంలోకి మా ఇంటి ఆడవాళ్లెవరూ నడిచి వెళ్లలేదు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. దారి అడగకముందే తామే వెంట వచ్చి చూపించారు. చేపలామె ఇంకా అమ్మకం ముగించుకుని రాలేదు. కోడలు ప్లాస్టిక్ కుర్చీ వేసి పక్కన నిలబడింది. అత్త వచ్చేదాకా ఆగాలనుకున్నాను గానీ, గూట్లో పాకెట్టు, పక్కనే కడిగి బోర్లించిన గ్లాసు కనిపించాయి. లేచి ఆ పాకెట్టు తీసి చేతిలో పట్టుకున్నాను. అది నా వేలిముద్రే. ఆ పిల్ల ఏదో తప్పు చేసినదానిలా చూసింది.

చేపలామె వచ్చి బుట్ట దించాక చెప్పాను. ఈ మన్ను ఇక తాగొద్దు, దీంట్లో సీసం ఉంది.

"సీసమంటే? వలకి కడతామే, ఆ గుండ్లా?"

"అదే."

ఆమె బయట ఆరేసిన వల వైపు చూసింది. అంచు పొడుగునా ముదురు రంగు గుండ్లు వేలాడుతున్నాయి. తర్వాత గొంతు పెంచకుండానే అంది.

"మీరు నోట్లో ఏసుకుని ఇచ్చినారు గదమ్మా."

"వేసుకున్నాను."

"అందుకే గదా మేం తాగినాం."

నాకు తెలియదన్నాను. అది నిజమే. పరీక్ష చేయిద్దామంటే వద్దన్నది నేనేనని కూడా చెప్పాను. ఆ రెండో మాట చెప్పేటప్పుడు నా వెన్ను వంగిందో నిటారుగానే ఉందో నాకు గుర్తులేదు.

ఆమె కోడలి వైపు తిరిగింది. "దీన్ని గోడ నాకనిచ్చినా బాగుండేది. నేనే మాన్పించి తెచ్చి తాపినా."

నేను చేసిన తప్పులో ఆమె తన వాటా తీసుకోవడం నాకు తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది. మీ తప్పేమీ లేదనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

ఆ పిల్ల అడిగింది ఒక్కటే. "బిడ్డకి పోయుంటాదా అమ్మా?"

తెలీదన్నాను. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ ఇన్నేళ్లలో తెలీదు అన్న మాట నా నోట ఎన్నడూ రాలేదు.

ముగ్గురం ఆటోలో నెల్లూరు వెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పాకెట్టు చేతిలోకి తీసుకుని ముందూ వెనకా చదివింది. నేను తిట్టించుకోవడానికే సిద్ధపడి వెళ్లాను. ఆమె తిట్టలేదు, విడమరిచి చెప్పింది. లాగే గుణం ఉన్న మన్ను మంచీ చెడ్డా చూసుకోదట. కడుపులోకి వెళ్లిన ఐరన్ మాత్రను కూడా పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, అందుకే రక్తం పట్టలేదు. దాంట్లో ఉన్న సీసం మాత్రం ఎముకల్లో చేరి ఒంట్లో ఉండిపోతుంది, తల్లి రక్తం నుంచి బిడ్డకి వెళుతుంది. ఒంట్లో చెడును బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు ఎప్పుడూ చేస్తూనే ఉంటాయి, వాటికి మన్ను సాయం అక్కర్లేదంది. నేను చెప్పిన రక్తశుద్ధి మాట చేపలామె ఆవిడకి చెబుతుందేమోనని బిగుసుకుపోయి కూర్చున్నాను. ఆమె చెప్పలేదు. నేనే చెప్పాను.

కోడలి రక్తాన్ని పరీక్షకి మద్రాసు పంపారు. డాక్టరమ్మ నన్ను కూడా చెయ్యి చాపమంది. ఎప్పటి నుంచి తింటున్నారని అడిగితే ఊహ తెలిసినప్పటి నుంచి అన్నాను. ఇద్దరి రక్తంలోనూ ఉండకూడనంత సీసం ఉంది. నాది ఎక్కువ. ఆ మాట వినగానే ఒక క్షణం నాకు ఊరట కలిగింది, నేను మోసం చెయ్యలేదని దానికంటే సాక్ష్యం ఏముంటుంది అనిపించింది. మరుక్షణమే సిగ్గు వేసింది. నా ఎముకలు ఎలా పోయినా వాటి పని అయిపోయింది. ఆ కడుపులో ఉన్న బిడ్డ ఎముకలు ఇంకా కుదురుకోనేలేదు.

మన్ను మానేశాక, మాత్రలు పని చేసి, కోడలికి నెమ్మదిగా రక్తం పట్టింది. నెలలు కాస్త తక్కువగా ఆడపిల్ల పుట్టింది. చిన్నగా ఉంది గానీ గట్టిగా ఏడ్చిందట. పాప రక్తంలోనూ కొద్దిగా ఉంది. ప్రస్తుతానికి మందు అక్కర్లేదు, ఎదుగుదల చూస్తూ ఉండాలి, మళ్లీ పరీక్ష చెయ్యాలన్నారు. మెడ ఎప్పుడు నిలిపింది, పిలిస్తే ఎప్పుడు తిరిగింది, మాట ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ చూడాలట. మెడ నిలపడం కొంచెం ఆలస్యమైంది. తక్కువ నెలల పిల్లలకి అది మామూలేనంది డాక్టరమ్మ. మామూలే కావొచ్చు. మన్ను వల్లనో కాదో ఎవరూ తేల్చి చెప్పలేరు. నేను ఇకపై ఆ తేలని దానితోనే బతకాలి.

చేపలామె ఇప్పటికీ వస్తుంది. చిన్నమ్మా అనడం మానేసింది, ఏమ్మా అంటుంది. ఇదివరకు ఆమె ఇచ్చింది తీసుకుని లోపలికి వెళ్లేదాన్ని. ఇప్పుడు ఏ చేప తెచ్చినా ఆమే మొప్ప ఎత్తి పట్టుకుంటుంది.

"చూసుకోమ్మా, ఎర్రగా ఉండాదా? నా మాట మీద తీసుకోబాకు."

చూసుకుని తీసుకుంటాను. పాప ఎలా ఉందని అడుగుతాను. కొన్నిసార్లు చెబుతుంది. మొన్న, గిన్నె కింద పడితే అటు తిరిగి చూసిందని చెప్పింది.

ఇంట్లో మిగిలిన బిళ్లలన్నిటినీ దిబ్బలో అదే గోతిలో వేసి పూడ్పించాను. దొడ్డిగుమ్మానికి ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తారు. విషయం చెబితే ఒక ముసలాయన నమ్మలేదు. మందుల కంపెనీలోళ్లు పుట్టించిన మాటలమ్మా ఇవి, మీ నాయనమ్మ ఇచ్చింది తిని నేను ఎనభై దాటినా అన్నాడు. ఆయనకి కూడా ఇవ్వలేదు. పక్క చెరువు అతను దిబ్బ ఇమ్మని అడుగుతున్నాడు. ఎవరు తవ్వుతారో, తవ్వింది ఎవరి నోటికి పోతుందో తెలియదు గనక ఇవ్వనన్నాను. చుట్టూ ముళ్లకంచె వేయించాను. మునసబు వంశానికి ఇప్పుడు ఉన్న ఆస్తి అదే.

రాతి తొట్లు రెండూ వెంకటాచలం దగ్గర హైవే పక్కనున్న ఒక హోటలు వాళ్లకి, వాకిట్లో కలువలు పెంచుకోవడానికి, అమ్మేశాను.